ఎర్రబడిన పసుపు

ద్వాలికి అన్నిటికంటే పెద్ద భయం తన మొగుణ్ణి తన చేతి కూరే చంపిందేమోనని. పోలీసులన్నా జైలన్నా ఆ తర్వాతే. ఆ మాట ఎవరితోనూ అనలేదు. రెండేళ్ల కూతురు శ్రావణి పాలు తాగుతూ ఒళ్లోనే నిద్రపోయింది. ద్వాలి ఆ పిల్ల వీపు మీద చెయ్యి పెట్టి ఊపిరి ఆడుతోందా లేదా అని మాటిమాటికీ చూసుకుంటోంది. ఆ కూర పిల్ల కూడా తిన్నది మరి.

మొగుడు భద్రు పోయి నాలుగు రోజులైంది. రెండు కిడ్నీలూ పాడైన మనిషి. ఏడాదిగా వారానికి రెండుసార్లు మణుగూరు పక్కనున్న ఈ తండా నుంచి ఖమ్మం బస్సెక్కి, మిషన్ మీద రక్తం కడిగించుకుని వచ్చేవాడు. సోమవారం పొద్దున బస్సు కోసం నడుస్తూ నడుస్తూ "కాళ్లు నావి కానట్టున్నయే" అని కూలబడ్డాడు. దవాఖానాకు చేర్చేసరికి గుండె కొట్టుకోవడం నెమ్మదించింది. సూది వేసేలోపే ఆగిపోయింది. మర్నాడే భద్రు అన్న రామ్‌సింగ్ పోలీస్ స్టేషన్‌కు పోయి, తమ్ముని పెండ్లామే అన్నంలో ఏదో పెట్టిందని ఫిర్యాదు ఇచ్చాడు.

ఇప్పుడు వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో ఎస్ఐ రాజేష్ కూర్చున్నాడు. జీపు తండా మొదట్లో ఆగి ఉంది. సాయంత్రానికి ద్వాలిని అందులో ఎక్కించుకుపోవాలని వచ్చాడు. ఎదురుగా నులక మంచం మీద, బూట్లు వేసుకున్న కాళ్లు ఆడిస్తూ, ఖమ్మం డిటెక్టివ్ నిర్మలాదేవి. యాభై దాటిన మనిషి, ఒళ్లో గొడుగు. ద్వాలి తమ్ముడు తుల్సీరాం కల్లూరు నుంచి పోయి ఆమె కాళ్లావేళ్లా పడి పంపించాడు.

"ఇంట్లో వండేది ఎవరమ్మా?" నిర్మలాదేవి అడిగింది.

"నేనే మేడం."

"వడ్డించేది?"

"నేనే."

"ఇగ ఏముంది?" రాజేష్ నవ్వాడు. "ఖమ్మం నుంచి గింత దూరం వచ్చి, మేడం నా కేసుకే బలం పెడుతుంది."

"పెట్టాల్సిందే కదా ఎస్ఐ గారూ. నాలుగు రోజులుగా తిండి లేనట్టు, నిలబడలేకపోతోంది మీ కేసు."

రాజేష్ మొహం మాడింది. "నిలబడక ఏంది? మిరపతోటకు కొట్టే పురుగుమందు డబ్బా ఇంట్ల దొరికింది. సగం ఖాళీ."

"ఈ తండాలో అది లేని ఇల్లు చూపించండి, డబ్బాతో పాటు నన్నూ సీజ్ చేసుకోండి. దవాఖానా డాక్టరును పొద్దునే కలిసొచ్చా. నోట్లో నురగ లేదు, మందు వాసన లేదు, కంటిపాపలు చిన్నవి కాలేదు. పురుగుమందు తాగిన మనిషి అట్లా పోడు." ఆమె మళ్లీ ద్వాలి వైపు తిరిగింది. "ఆదివారం రాత్రి ఏం వండావు?"

"బీరకాయ."

"ఎట్లా వండావో మొదటి నుంచి చెప్పు. ఏదీ విడిచిపెట్టకు."

ఈ ఒక్కటి మాత్రం ద్వాలి నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. "ముక్కలు కోసి నీళ్లల్ల నానేసిన. ఆ నీళ్లు పారబోసిన. వేరే నీళ్లల్ల ఉడికించి, ముక్కలు జల్లిగంటెతోని తీసి తాలింపుల వేసిన. పసుపు చల్లిన. ఉడికిన నీళ్లు పెరట్ల పారబోసిన. డాక్టర్ సారు గట్లనే చెయ్యమన్నడు. ఉప్పు బంద్, చింతపండు బంద్, కొబ్బరినీళ్లు బంద్, పండ్లు బంద్. ఒక్క పూట తప్పలే మేడం."

"నీళ్లు ఎందుకు పారబోయమన్నాడో చెప్పాడా?"

"చెప్పిండో ఏమో. నేను ఏడో తరగతి దాకనే చదివిన. పారబోయమన్నడు, పారబోసిన."

"తాలింపు పొయ్యి మీద ఉండగానే పెరట్లోకి పోతావా?"

"పోవాలె గద. పిల్ల తిరుగుతుంటది, వేడినీళ్లు ఇంట్ల ఉంచ."

"అప్పుడు పొయ్యి దగ్గర ఎవరుంటారు?"

"అత్త ఉంటది. పిల్లను ఎత్తుకొని."

నిర్మలాదేవి కాళ్లు ఆడించడం ఆపింది. "ఆ కూర ఎవరెవరు తిన్నారు?"

"అందరం. ఆయన, నేను, అత్త, పిల్ల. ఒక్కటే కూర. మేము పళ్లెంల ఉప్పు చల్లుకుంటం."

"అదే నేను అనేది." రాజేష్ కుర్చీ ముందుకు జరిపాడు. "నలుగురు తిన్నరు, ఒక్కడు పోయిండు. అంటే కుండల గాదు, వాని పళ్లెంల కలిసింది. వడ్డించింది ఎవరు? ఇప్పుడే ఆమె నోటితోనే చెప్పించిండ్రు." పాలిథీన్ కవరులోంచి భద్రు తువ్వాలు తీసి పైకెత్తి చూపించాడు. కూర ఒలికిన చోట మరక నడుమ పసుపు పచ్చగానే ఉంది, అంచంతా ఎర్రగా తిరిగింది. "ఇదేంది? రక్తం కక్కుకున్నడు."

ద్వాలి కళ్లు తిప్పుకుంది. ఆ ఎరుపు ఆమె ఆదివారమే చూసింది. పసుపూ సున్నమూ కలిపి పిల్లకు దిష్టి తీసే నీళ్ల రంగు అది. కూర మరక ఆ రంగు తిరగడం చూసి, ఇంటికి ఏదో కీడు మూడిందని అప్పుడే అనుకుంది. మొగుడి ముందు అంటే నవ్వుతాడని నోరు మూసుకుంది.

నిర్మలాదేవి తువ్వాలు ముట్టుకోలేదు. వంగి చూసి, "మీ సాక్ష్యం మీ దగ్గరే భద్రంగా ఉండనీయండి" అని లేచి వంటింట్లోకి నడిచింది. వెనకాలే అందరూ వెళ్లారు.

చిన్న రేకుల వంటిల్లు. మట్టిపొయ్యి, పక్కన గోడకు మసిగుడ్డ. ఆ గుడ్డ నిండా అవే మరకలు, కొన్ని పచ్చగా, కొన్ని ఎర్రగా. ఆమె దాన్ని తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"చింతపండు ఉందా?"

"అత్తకు చారు పెడత మేడం. నానేసి ఉంది."

నిర్మలాదేవి చింతపండు రసంలో వేలు ముంచి, ఎర్ర మరక మీద రుద్దింది. ముగ్గురూ చూస్తుండగానే ఎరుపు కరిగిపోయి పసుపు పైకి తేలింది. దెబ్బ తగ్గిన పిల్ల మొహంలా మరక మామూలైపోయింది.

"రక్తం చింతపండుకు పచ్చబడుతుందా ఎస్ఐ గారూ?"

రాజేష్ తువ్వాలును మళ్లీ కవరులోకి తోశాడు.

"ఇది రక్తం కాదు. పసుపే ఎర్రబడ్డది. పసుపు అంటిన చీర మీద సబ్బు రుద్దితే ఎర్రగా అవుతుందే, ఈ ఇంట్లో బట్టలుతికే వాళ్లకు తెలుసు. సబ్బులాంటిదో, సున్నంలాంటిదో కూరలో పడింది. మామూలు కూరలో చింతపండో టమాటానో ఉండి దాన్ని చంపేసేది. పాపం ఈ కూరలో పులుపు లేదు, అందుకే బయటపడింది."

"సున్నం!" రాజేష్ అందుకున్నాడు. "ముసల్ది తమలపాకు నములుతది. డబ్బా ఆమె రొంటినే ఉంటది."

"మరక ఇంతగా ఎర్రబడేంత సున్నం కూరలో పడితే నలుగురి నోళ్లూ పొక్కేవి. చంటిపిల్ల కూడా తిని హాయిగా నిద్రపోయింది." ఆమె పెరటి తలుపు తోసింది. "బయట ఏముందో చూద్దాం."

పెరట్లో జామచెట్టు మొదలు దగ్గర, ద్వాలి నీళ్లు పారబోసే చోట, నేల తడితడిగా ఉంది. దానికి నాలుగడుగుల దూరంలో, మేకల పాక వాసానికి ఒక కుండ వేలాడుతోంది. అడుగున చిల్లి, చిల్లికి గడ్డి దోపి ఉంది. కుండ నిండా తెల్లటి బూడిద. కింద ఇంకో చట్టి. చట్టి అంచు చుట్టూ చలికాలం పెదవుల మీద పొట్టులా తెల్లని పొర పేరుకుంది.

"అది అత్త బట్టలుతకనీకి బూడిదల నీళ్లు పోసి దించే తేట మేడం" అంది ద్వాలి.

నిర్మలాదేవి ఆ తేటలో రెండు వేళ్లు ముంచి రాసుకుంది. వేళ్లు సబ్బు పట్టినట్టు జారాయి. వంటింట్లోంచి చీర చెంగున ముడేసి తెచ్చుకున్న చిటికెడు పసుపు మీద ఒక్క బొట్టు వేసింది. కుంకుమ వేసినట్టు ఎర్రబడింది.

నిర్మలాదేవి గొంతు మారిపోయింది. కోపం లేదు, గెలిచిన గర్వం లేదు. గుళ్లో మాట్లాడినట్టు మెల్లగా చెప్పింది.

"నిన్నటి దాకా నాకూ తెలియదు. ఖమ్మంలో రక్తం కడిగే డాక్టరు ముందు కూర్చుని, నా మట్టిబుర్రకు ఎక్కేదాకా చెప్పించుకున్నా. మన్నులో మొలిచిన ప్రతిదాంట్లో ఒక ఉప్పు ఉంటుంది. మనం కూరలో వేసుకునే ఉప్పు కాదు, వేరేది. పొటాషియం. పండులో, ఆకులో, పప్పులో, తల్లిపాలలో కూడా. చెట్టును కాలిస్తే మిగతావి చాలామట్టుకు పొగై పోతాయి, అది మాత్రం బూడిదలో మిగులుతుంది. అది లేకపోతే మనిషి లేడు. అయితే అది ఉండాల్సిన చోట ఉండాలి. ఒంట్లో ఉన్నదాంట్లో నూటికి తొంభై ఎనిమిది పాళ్లు కండ లోపల, కణం లోపల. బయట రక్తంలో చిటికెడంటే చిటికెడు. లోపల సముద్రం, బయట చెంబెడు."

"పాఠం బాగుంది మేడం. కేసు సంగతి?" అన్నాడు రాజేష్. అన్నాడే గానీ కదల్లేదు.

"ఆ తేడాతోనే గుండె కొట్టుకుంటుందట. ఒక్కో కణానికి గోడలో కావలివాళ్లు ఉంటారు. మామూలు ఉప్పు రేణువులు మూడు బయటికి నెడతారు, దీనివి రెండు లోపలికి లాక్కుంటారు. మళ్లీ మూడు, మళ్లీ రెండు. మనం నిద్రపోయినా వాళ్లు నిద్రపోరు. మనం ఒక అరటిపండు తింటే ఒళ్లు వెంటనే దాన్ని తీసుకుపోయి కండల్లో దాస్తుంది, రక్తంలో పోగుపడకుండా. ఆనక కిడ్నీలు తీరిగ్గా, ఎంత ఎక్కువైందో అంతే కొలిచినట్టు ఒంటేలులో పంపేస్తాయి. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు."

ద్వాలి భుజం మీద శ్రావణి కదిలి, గుటక వేసి, మళ్లీ నిద్రలోకి జారింది. ఆ చిన్న ఛాతీ తన ఛాతీకి తగులుతూ టకటకా కొట్టుకుంటోంది. పుట్టినప్పటి నుంచి ఈ పిల్లకు తాను ఒక్కతే కాపలా అనుకుంది ద్వాలి. జ్వరమొస్తే తాను, తేలు కనిపిస్తే తాను, ఊపిరి చూసుకునేది తాను. లోపల ఇంతమంది కావలివాళ్లు ఒక్క రెప్ప వాల్చకుండా నిలబడి ఉన్నారని ఎవరూ చెప్పలేదు. తన మొగుడి లోపల కూడా వాళ్లు అట్లాగే నిలబడి ఉంటారు. కిడ్నీలు చేతులెత్తేసినా, ఎత్తి పోసేవాడు లేకపోయినా, దాచే చోటు లేకపోయినా, ఏడాదిపాటు.

"అందుకేనా ఆ నీళ్లు పారబోయమన్నది?" అంది.

"అందుకే. కూరగాయల్లో ఉన్నది నీళ్లలోకి దిగుతుంది. నువ్వు పూటపూటకూ బయట పోసింది దాన్నే బిడ్డా. నువ్వు సరిగ్గానే పోశావు." నిర్మలాదేవి చట్టి వైపు చూసింది. "ఈ తేట పడిన కూరే నలుగురూ తిన్నారు. ముగ్గురికి కిడ్నీలు బాగున్నాయి. తెల్లారేసరికి వాళ్ల ఒంట్లోంచి పోయింది. నాలుగోవాడికి పోయే దారే లేదు. పైగా గురువారం కడిగించుకున్నాక మళ్లీ సోమవారమే. నడుమ ఉన్నవన్నీ కలిసి పోగుపడ్డాయి. కాళ్లు బరువెక్కాయి. చివరికి గుండె. దవాఖానాలో తీసిన గుండె గీత, అదే ఈసీజీ, గుడారాలు వేసినట్టు లేచిందన్నాడు డాక్టరు."

"పోస్టుమార్టంల తెలుస్తది గద మరి."

"తెలియదు. ప్రాణం పోయాక ఎవరి రక్తంలోనైనా అది పెరుగుతుంది. కావలివాళ్లు పడిపోతారు, లోపలిదంతా బయటికొస్తుంది. ఈ హంతకుడు తన అడుగుజాడలు తనే చెరుపుకుంటాడు ఎస్ఐ గారూ. ఈసారి పసుపు మీద మాత్రం కాలు పెట్టాడు."

రాజేష్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "సరే. పోసింది ముసల్ది. జీపు ఎక్కేది ఆమె."

"సార్." ద్వాలి అడ్డం వచ్చింది. "అత్తకు తెల్వది సార్. తెలిస్తే బతకది. ఆమెకు చెప్పకండ్రి. మీ కాల్మొక్త."

"మరి నిన్ను తీస్కపోవాల్నా?"

ద్వాలి జవాబు చెప్పేలోపే పాక వెనక నుంచి గాజుల చప్పుడు. మేకలకు కొమ్మలు నరుక్కుని, చేతుల నిండా తెల్లగాజులతో, అత్త కేస్లీ వచ్చింది. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె ఏడవలేదు, తినలేదు, ఊరికే పని చేస్తూనే ఉంది.

నిర్మలాదేవి ఆమెకు పాక పక్కనున్న మంచం చూపించి, తాను కింద కూర్చుంది. "అవ్వా, ఈ తేట దేనికి?"

"బట్టలకు." కేస్లీ కోడలి వైపు ఓరగా చూసింది. "కొంచెం కూరకు. దానికి చెప్పకు. అది డాక్టరు కంటె ఎక్కువ."

"కూరకెందుకు?"

"నా కొడుకు చప్పిడి తినలేక పళ్లెం ముందర కూసొని ఏడ్చేటోడు బిడ్డా. ముప్పై ఏండ్లోడు. ఉప్పు పెట్టొద్దన్నరు, నేను పెట్టలే. మా యాడి, నన్ను కన్నతల్లి, సంతకు ఉప్పు రానప్పుడు ఉత్తరేణి చెట్టు కాల్చి గిట్లనే తేట దించి కూరల పోసేది. చెట్టు గద ఇది, ఉప్పు గాదు గద. నా కోడలు నీళ్లు పారబోయనీకి పోయినప్పుడు గరిటెడు పోస్త."

ద్వాలి గోడకు ఆనుకుంది. తాను పెరట్లో పారబోస్తుంటే అదే నిమిషంలో అత్త లోపల పోసింది. ఒకే పొయ్యి మీద, ఒకే మనిషి కోసం, ఇద్దరూ ప్రాణం పెట్టి.

"ఎన్నాళ్ల నుంచి అవ్వా?"

"రెండు వారాలైతది. ముందు పలచగ పోసిన. ఆదివారం నాడు బాగ మరగబెట్టి చిక్కగ పోసిన. రెండుసార్లు అడిగి పెట్టించుకున్నడు." కేస్లీ మొహం మీద నాలుగు రోజుల్లో మొదటిసారి నవ్వులాంటిది కదిలింది.

అవును, అడిగి పెట్టించుకున్నాడు. "ఇయ్యాల నీ చెయ్యి తిరిగిందే" అన్నాడు ద్వాలితో. ఆ మాటకు ఆమె రాత్రంతా పొంగిపోయింది.

నిర్మలాదేవి ద్వాలి కళ్లలోకి చూసింది. చెప్పొద్దన్నావు, చెప్పను, అన్నట్టు చిన్నగా తల ఊపి లేచింది. "చిక్కగా చేసింది ఇంకా మిగిలిందా అవ్వా? ఉంటే నేను తీసుకుపోతా."

"ఏడిది? నిన్న సీతయ్యకు ఇచ్చిన."

"ఏ సీతయ్య?"

అత్త కంటే ముందే ద్వాలి అందుకుంది. "పినపాక సీతయ్య మేడం. ఆయనకు గూడ కిడ్నీలు పోయినయి. మా ఆయనతోని ఒక్కటే బస్సుల ఖమ్మం పోయేటోడు. నిన్న ఖమ్మంల మిషన్ అయినంక, తిరిగొస్త పరామర్శకు వచ్చిండు."

"మా ఇంట్ల ఒక్క ముద్ద ముట్టలే పాపం, ఉప్పుంటదని." కేస్లీ కొమ్మలు సర్దుతూ చెబుతోంది. "ఒక సీసాకు పోసిచ్చిన. నా కొడుక్కు రాసిపెట్టి లేకపాయె, నీకన్న నాలుకకు రుచి తగలని అన్న. కండ్లనీళ్లు పెట్టుకొని తీస్కపోయిండు."

"మళ్లీ మిషన్ ఎప్పుడు ఆయనకు?"

"సోమవారం" అంది ద్వాలి.

రాజేష్ అప్పటికే పరుగెడుతున్నాడు. కాసేపటి క్రితం కేసు కేసు అన్న మనిషి, బూటు జారి, జామచెట్టు కింది బురదలో పడబోయి, జీపు దగ్గరికి చేరి వైర్‌లెస్ అందుకున్నాడు. సెట్టులోంచి గరగరలు తప్ప ఏమీ రావడం లేదు. సీతయ్య ఇంట్లో ఫోను లేదు. పక్కింటి సెల్లుకు అడవిలో సిగ్నల్ దొరకదు. "పినపాక, పినపాక" అని అరుస్తూ, చెయ్యి ఊపి అందరినీ రమ్మన్నాడు. "ముసలామె గూడ ఎక్కాలె. సీసా ఆమెకే తెలుసు."

కేస్లీ చేతిలో కొమ్మ కింద పడింది. ఆమె ఆ పరుగును చూసింది, చట్టిని చూసింది, నిర్మలాదేవి చేతిలోని మసిగుడ్డ మీద పచ్చబడిన మరకను చూసింది. అడవిలో పుట్టి పెరిగిన మనిషి, జాడలు చదవడం ఎవరూ నేర్పనక్కరలేదు.

"నా కొడుకు గూడ గదే తిన్నడు గద" అంది.

ఆమె పాక గుంజ పట్టుకుని కింద కూర్చుంది. నాలుగు రోజులుగా తాను మోసిన భయం ఇప్పుడు ఎదుటి మనిషి భుజాల మీదికి దిగడం ద్వాలి కళ్లారా చూస్తోంది. దాని బరువెంతో ఈ తండాలో తనకొక్కదానికే తెలుసు.

ఆమె శ్రావణిని ఎత్తి అత్త చేతుల్లో పెట్టింది.

"పట్టుకో అత్తా. జీపు కుదుపుకు లేస్తది. గట్టిగ పట్టుకో."

పిల్ల గుండె తగలగానే ముసలి చేతులు వాటంతటవే బిగుసుకున్నాయి. కేస్లీ నిలబడింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని జీపెక్కారు. నిర్మలాదేవి గొడుగు మర్చిపోయి ముందు సీట్లోకి దూకింది. సెట్టులో గరగర తెగి, ఒక్క మాట వినిపించింది, మళ్లీ పోయింది. "…సీతయ్య ఇంటి ముందర జనం…"

రాజేష్ గేరు మార్చాడు. పినపాక రోడ్డు మీద దుమ్ము లేచింది.

జీపు చేరేసరికి చాలాసేపు పడుతుంది. ఈలోగా మీరు ఒక పని చెయ్యండి. మీ ఇంట్లోనో మీ వాడకట్టులోనో కిడ్నీలు పాడై చప్పిడి తింటున్న మనిషి ఉంటే, ఈ పుస్తకం బోర్లా పెట్టి ఒక్కసారి పోయి చూసి రండి. కాళ్లు బరువుగా ఉన్నాయేమో అడగండి. ఉన్నాయంటే తెల్లారేదాకా ఆగకండి, దవాఖానాకు తీసుకుపోండి. అట్లాగే పొయ్యి దగ్గరికి పోయి, ఆయన మీద ప్రాణం పెట్టుకున్న వాళ్లు ఎవరైనా, ఉప్పు కాదు కదా అని, ఆ కూరలో ఏమైనా కలుపుతున్నారేమో మెల్లగా అడిగి రండి.